బుట్ట కింద సున్నం

ఇల్లు దాటకుండా కోర్టు తగిలించిన కాలి పట్టీకి రోజుకు రెండు గంటలు కరెంటు పెట్టాలి. దాని తీగ బారెడు కూడా ఉండదు. ఆ ఇంట్లో మిగతా ప్లగ్గులన్నీ పాతబడి వేడెక్కుతాయి, వంటింట్లో పొయ్యి పక్కనున్నది ఒక్కటే గట్టిది. అందుకని బౌదేలియో ఎన్సినాస్ పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని అక్కడ కుర్చీ వేసుకుని, ఎడమకాలు గోడకేసి చాపి కూర్చుంటాడు. ఇరవై రెండేళ్లపాటు బెయిలు ఎగ్గొట్టి పారిపోయినవాళ్లను వెతికి, పట్టి తెచ్చి కోర్టుకు అప్పజెప్పిన మనిషి. ఇప్పుడు ఉప్పు డబ్బా కావాలన్నా పెళ్లాన్ని అడగాలి. చాయో అడక్కముందే అందిస్తుంది. అతనికి అదే ఎక్కువ కష్టంగా ఉంటుంది.

ఆ మంగళవారం చాయో పెద్ద రొట్టెలు చేస్తోంది. పిండిముద్దను అరచేతుల్లోంచి మోచేతులదాకా తిప్పి తిప్పి, వెనక కిటికీ కనపడేంత పల్చగా సాగదీసి, బోర్లించిన పెనం మీద పరుస్తోంది. లాయరు కెస్లర్ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఆమెను కోర్టే పెట్టింది. వయసు చిన్నదే అయినా మాట మెత్తన, ఫైలు బరువు. ఈ ఏడు నెలల్లో ఆ వంటింట్లో ఆమె తినని రొట్టె లేదు.

శుక్రవారం టూసాన్ కోర్టులో విచారణ. సరిహద్దు అవతలి పల్లె నుంచి ఒక ముద్దాయిని ఎత్తుకొచ్చినందుకు బౌదేలియోను మెక్సికోకి అప్పగించాలా వద్దా అన్నది తేలేది అక్కడే. జడ్జి తప్పు చేశావా లేదా అని అడగడనీ, మూడే మూడు చూస్తాడనీ లాయరమ్మ మళ్లీ చెప్పింది. వాళ్లు అడుగుతున్న మనిషి ఇతనేనా, చేసినపని ఇక్కడా నేరమేనా, సాక్ష్యం చాలినంత ఉందా. మొదటిది కాదనడానికి లేదు. అవతలి ఊరివాళ్లు పదకొండుమంది అతని ఫొటో గుర్తుపట్టారు.

"ఆ హిలారియో బెయిలు కాగితంలో సంతకం పెట్టాడు కదండీ" అన్నాడు బౌదేలియో. "ఎక్కడున్నా సరే పట్టుకోవచ్చని అందులో రాసే ఉంటుంది. నేనే చదివి వినిపించాను వాడికి."

"ఆ కాగితం మన అమెరికా గడపదాకానే పనిచేస్తుంది. గడప దాటాక మీరు పోలీసు కాదు, ఏమీ కాదు. ఒక మనిషిని ఇంట్లోంచి ఎత్తుకుపోయిన ఇంకో మనిషి, అంతే."

ఆమెకు మిగిలింది ఒకటే దారి. తనంతట తనే వచ్చాననీ, ఎవరూ బలవంతం చెయ్యలేదనీ హిలారియో యెస్కాస్ రాసిస్తే, సాక్ష్యానికి కాళ్లు విరుగుతాయి. హిలారియో జిల్లా జైల్లోనే ఉన్నాడు. దొంగ రాగితీగ మోసిన కేసులో నాలుగేళ్లు పడ్డాయి, పెద్ద జైలుకు ఇంకా పంపలేదు. గురువారం తనే వెళ్లి కాగితం ముందు పెడతానంది.

"వాడు పెట్టడు" అన్నాడు బౌదేలియో.

"పెట్టకపోతే ఏమవుతుందో కూడా వినండి" అంటూ వేళ్లు మడిచింది. అక్కడ బెయిలు ఉండదు. తక్కువలో తక్కువ ఐదేళ్లు, ఎక్కువెంతో అడగొద్దు. పైగా అక్కడి కోర్టువాళ్లకు ఒక పద్ధతి ఉంది. నేరం జరిగిన చోటికే నిందితుణ్ని తీసుకుపోయి, ఏం చేశావో మొదట్నుంచి చేసి చూపించమంటారు. ఎక్కడ నిలబడ్డావు, ఏ చెయ్యి పట్టుకున్నావు, ఎటు లాగావు, అన్నీ. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుంది. హిలారియో సొంతూరు శాన్ లసారోలో ఎన్ని ఇళ్లు? నలభయ్యా? నలభై ఇళ్లవాళ్లూ చూస్తారు.

బౌదేలియో కాఫీ కప్పు కింద పెట్టాడు. జైలంటే అతనికి భయం లేదు, జైళ్ల తలుపుల దగ్గర సగం జీవితం గడిపినవాడు. ఆ ఇంటి గదిలో, ఆ మనుషుల మధ్య మళ్లీ నిలబడాలంటే మాత్రం భయమేసింది. సంకెళ్లతోనే తీసుకెళ్తారా అని అడిగాడు. అంతేనంది ఆమె.

లేవబోతూ చివరిగా, ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగింది. వాయిదాకి రాకపోయే ముందు హిలారియో ఆఫీసుకి గానీ మీకు గానీ కబురేమైనా పంపాడా? తిరిగొస్తానని ఎక్కడైనా అన్నాడా?

"లేదు" అన్నాడు బౌదేలియో.

పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చింది. చాయో దాన్ని తిరగెయ్యలేదు, తీసి కుక్కకేసింది.

బుధవారం డ్వైట్ హార్గిస్ వచ్చాడు. ముద్దాయిలకు డబ్బు పూచీ పెట్టి విడిపించే బెయిలు ఆఫీసు అతనిది. బౌదేలియో ఆ ఆఫీసు కోసమే ఇరవై రెండేళ్లు ఎండలో తిరిగాడు. కేసు మొదలైన రోజున డ్వైట్ పత్రికలవాళ్లతో, మనిషిని తెమ్మన్నాను గానీ దేశం దాటి తెమ్మన్నానా అన్నాడు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య. ఆ మాటన్నాక ఇంటివైపు తొంగిచూసింది ఇదే మొదలు. చేతిలో తీపి గారెల డబ్బా కూడా ఉంది.

వరండా మెట్ల మీద కూర్చున్నారు. బౌదేలియోకు మూడు మెట్లవరకే హక్కు. నాలుగో మెట్టు మీద కాలు పెడితే పట్టీ కందిరీగలా రొద మొదలుపెడుతుంది, పట్నంలో ఎవడికో తెరమీద ఎర్రదీపం వెలుగుతుంది. ఇంటి పక్క గోడవారగా అతని పాత ట్రక్కు నిలబడి ఉంది. వీధి చివర నలభై అడుగుల్లో ఇనపకమ్మీల కంచె. కంచె అవతల మెక్సికోలోని సోనోరా.

ఊళ్లో అందరూ నీ పక్షమేనన్నాడు డ్వైట్. అమెరికా పౌరుణ్ని, కోర్టు పనిమీద పోయినవాణ్ని, అవతలివాళ్లకి కట్టి అప్పజెప్పడమేమిటని క్షౌరశాలలో కూడా ఇదే మాటట. ఇలా ఒక్కణ్ని అప్పగిస్తే రేపట్నుంచి పారిపోయే ప్రతివాడూ కంచె దాటి కూర్చుని వెక్కిరిస్తాడట.

చాయో వాకిట్లో దుప్పటి ఆరేస్తోంది. క్లిప్పు నోట్లోంచి తీసి, అటు తిరక్కుండానే అడిగింది.

"ఒకటి చెప్పండి డ్వైట్ గారూ. రేపు అవతలి నుంచి ఎవడో వచ్చి మీ తమ్ముణ్ని మీ అమ్మ దినాల్లోంచి ఈడ్చుకుపోయాడనుకోండి. వాణ్ని మనకి అప్పగించమని అడగరా మీరు?"

"అది వేరు."

"ఏం వేరు?"

డ్వైట్ తీపి గారె తుంచుకుంటూ, ఆడవాళ్లతో వాదన పెట్టుకోకూడదని మా నాన్న చెప్పాడు అన్నాడు. మీ నాన్న తెలివైనవాడే, మీకే రాలేదు అంది చాయో. అతను నవ్వాడు, ఆమె నవ్వలేదు.

వెళ్లేముందు డ్వైట్ అసలు మాట బయటపెట్టాడు. శుక్రవారం కోర్టులో ఆఫీసు పేరు ఎంత తక్కువ వినపడితే అంత మంచిది. లైసెన్సు మళ్లీ రాయించుకోవలసిన నెల ఇది. బౌదేలియో తలూపాడు. ఆ తలూపడం చూసి చాయో తడి దుప్పటిని ఒక్క దులుపు దులిపింది.

డ్వైట్ పోయాక బౌదేలియో బకెట్టు, గుడ్డ పట్టుకుని ట్రక్కు దగ్గరికి వెళ్లాడు. పెరటి గుమ్మంలోంచి వెళ్తే ట్రక్కు హద్దులోనే ఉంటుంది. పక్కసీటు తలుపు తెరిచి మళ్లీ తుడిచాడు. హిలారియోను కూర్చోబెట్టిన సీటు అది. ఆరోజు వాడి చేతులనిండా సున్నం. సీటు గుడ్డమీద రెండు అరచేతులూ, ఐదైదు వేళ్లతో అచ్చు పడ్డాయి. నీళ్లు పోసినప్పుడు పోయినట్టే ఉంటాయి. ఆరాక తెల్లగా పైకి తేలతాయి. వెనిగర్ రాశాడు, సబ్బు రాశాడు, ముల్లు బ్రష్షుతో గీకాడు. చాయో ఏడు నెలల్నుంచి ఆ సీటులో కూర్చోదు. ఆదివారాలు కోర్టు అనుమతితో చర్చికి వెళ్లినా వెనకసీట్లో, పరాయివాడి బండిలో వెళ్లినట్టు కూర్చుంటుంది.

తుడిచి తలుపు వేసి వచ్చాడు. సాయంత్రానికి చేతులు మళ్లీ వచ్చాయి.

గురువారం పొద్దున పదింటికి కంచె దగ్గరికి ముసలావిడ వచ్చింది. చాయో పదిమంది చుట్టాల్ని పట్టుకుని, బతిమాలి, కబురుమీద కబురు పంపగా వచ్చింది. హిలారియో తల్లికి అక్క, ఎర్మెలిందా. పోలీసులకు మొదట ఫిర్యాదిచ్చింది ఈమే. శాన్ లసారో నుంచి మూడు గంటలు బస్సులో వచ్చింది. మగవాళ్ల బూట్లు, నల్లగొడుగు. కమ్మీల మధ్య సందు జానెడు కూడా లేదు. అందులోంచి ఒక కన్నూ, సగం నోరూ కనపడుతున్నాయి.

చాయో వీధి చివరిదాకా నడిచింది. బౌదేలియో మూడో మెట్టు మీద నిలబడ్డాడు. భార్య వీపు కనపడుతోంది, ఆమె చేతులు తిప్పడం కనపడుతోంది, మాట వినపడటం లేదు. తన బతుకు గురించి మాట్లాడుకుంటుంటే నలభై అడుగుల దూరంలో కట్టేసిన కుక్కలా నిలబడవలసి వచ్చిందే అని ఒళ్లు మండింది. నాలుగో మెట్టు వైపు కాలు చాచాడు. పట్టీ గొణిగింది. వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు ముసలావిడ గొంతు పెంచింది. మేకల్ని కొండమీంచి పిలిచే అలవాటున్న గొంతు.

"పక్కకి జరుగమ్మా. నీ మొగుణ్ని కూడా విననీ."

చాయో పక్కకి జరిగింది.

"కేసు నా చేతిలో లేదయ్యా. చెప్పింది నేనే, లేదనను. ఇప్పుడది సర్కారుది. నేను వద్దని మొత్తుకున్నా ఆగదు. నీ పెళ్లాం ఏడుస్తుంటే చెప్తున్నా, ఆ పిల్ల కోసం చెప్తున్నా, నీ కోసం కాదు."

బౌదేలియో టోపీ తీశాడు.

"నిన్ను నేను మర్చిపోలేదు. నీకు కాఫీ ఇచ్చింది నేనే. ఇంకో చెంచా చక్కెర వెయ్యమన్నావు. వేశాను. చావింటి జపానికి వచ్చినవాణ్ని నువ్వెవరివి, ఎక్కణ్నుంచొచ్చావు అని మేం అడగం. మీ ఇంట్లో అడుగుతారా?"

అడగరు. అతని ఇంట్లోనూ అడగరు. మనిషి పోయిన ఇంట్లో తొమ్మిది రోజులు జపం జరుగుతుంది. తలుపు తీసే ఉంటుంది, వచ్చినవాడికి కాఫీ ఇస్తారు, కూర్చోవడానికి చోటిస్తారు. తొమ్మిదో రోజు శవపేటిక పెట్టిన చోట నేలమీద సున్నంతో వేసిన సిలువను కాళ్ల నుంచి తలదాకా ఒక్కో భాగంగా పళ్లెంలోకి ఎత్తి, సమాధికి పట్టుకెళ్తారు. ఆ గంటకి కొడుకు ఎక్కడున్నా అక్కడికి చేరతాడు. ఉత్తరాదినుంచి వచ్చిన వేటగాడెవడికీ ఈ సంగతి తెలియదు. బౌదేలియోకు తెలుసు. తన తల్లి సిలువ తల తన చేతులతోనే ఎత్తినవాడు. తెలుసు గనకే వెతకలేదు, తొమ్మిది లెక్కపెట్టుకుని తిన్నగా వెళ్లి కూర్చున్నాడు.

"జపంలో నీ గొంతే అందరికంటే బాగా వినపడింది" అంది ఎర్మెలిందా. "మా చెల్లెల్ని ఎరిగినవాడెవరో దూరాన్నుంచి వచ్చాడు పాపం అనుకున్నాను. మా చెల్లెలు అదృష్టవంతురాలే అనుకున్నాను."

చాయో కమ్మీ పట్టుకుని నిలబడింది. ముసలావిడ గొడుగు నేలకు ఆనించింది.

"కాళ్లు ఎత్తారు, చేతులు రెండూ ఎత్తారు, గుండె ఎత్తారు. తల ఎత్తుతుండగా నువ్వు వాడి రెక్క పట్టుకున్నావు. పళ్లెం కిందపడింది. ఆ సున్నం అక్కడే ఉంది. కోళ్లు కెలక్కుండా బుట్ట బోర్లించాం. ఏడు నెలలైంది. గది ఊడవలేం, తొక్కలేం, గోడవారగా నడుస్తున్నాం. తొమ్మిదో రోజు అవ్వలేదు మా ఇంట్లో ఇంకా. మా చెల్లెలు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది బుట్ట కింద."

"మీరే ఎత్తెయ్యకూడదా పెద్దమ్మా?" అంది చాయో.

"తల కొడుకుది. కొడుకు రాలేకపోతే కొడుకు పంపినవాడిది. వాడు ఎవర్నీ పంపలేదు." గొడుగు తెరిచింది. "నిన్ను జైల్లో వేస్తే మాకేం ఒరుగుతుందయ్యా? ఐదేళ్లు కూర్చుంటావు, తింటావు. బుట్ట బుట్టలాగే ఉంటుంది."

వచ్చినదారినే వెళ్లిపోయింది. కమ్మీల వెనక నల్లగొడుగు ముక్కలు ముక్కలుగా చాలాసేపు కనపడింది. చాయో తిరిగొచ్చి అతని పక్కనుంచి మెట్లెక్కి లోపలికి పోయింది. బౌదేలియో టోపీ పెట్టుకోవడం మర్చిపోయి ఎండలో అలాగే నిలబడ్డాడు.

మూడింటికి లాయరమ్మ వచ్చింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది. ఫైలు తెరిచి కాగితం బల్లమీద పెట్టింది. కింద, పిల్లల రాతలాంటి పెద్ద అక్షరాలతో హిలారియో యెస్కాస్ సంతకం.

"బేరమాడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. ఒకసారి చదివించుకుని పెట్టేశాడు. నాకే నమ్మకం కలగలేదు. ఎందుకు పెడుతున్నావని అడిగాను కూడా."

"ఏమన్నాడు?"

"ఇక్కడ ఒకడు ఉన్నాడు చాలు, అక్కడ ఇంకొకణ్ని కూర్చోబెడితే మా అమ్మకేం వస్తుందన్నాడు." ఆమె నోటు పుస్తకం తిప్పింది. "ఇంకోటి అడిగాడు. మీరు బయట ఉంటే, మీకు వీలైతే, వాళ్లమ్మ సిలువ తల తన మారుగా మిమ్మల్నే ఎత్తమన్నాడు. ఎవరి చెయ్యి తగిలి పడిందో ఆ చేత్తోనే ఎత్తించాలట. 'అతను నాకు మాటిచ్చి ఉన్నాడు, అతనికి తెలుసు' అన్నాడు. ఏ మాట?"

బౌదేలియో కాగితం వైపే చూస్తున్నాడు. సంతకం చివర సిరా కొద్దిగా అలుక్కుపోయి ఉంది. వాడి చెయ్యి తడిగా ఉందేమో.

ఆమే మాట మార్చింది. అతని కోరిక మాత్రం తీరేది కాదు, ఆ సంగతి అతనికి చెప్పలేకపోయానంది. రేపు ఈ కాగితంతో గెలిస్తే ఇక్కడ ఎవరూ మిమ్మల్ని ముట్టుకోరు. అక్కడి వారంటు మాత్రం అలాగే ఉంటుంది. కంచె అవతల అడుగుపెట్టిన మరుక్షణం పట్టుకుంటారు. కాబట్టి జన్మలో అటు వెళ్లకూడదు. ఇటంతా మీదే.

ఆమె సంతోషంగానే వెళ్లింది. రెండు రొట్టెలు మడిచి పొట్లం కట్టి ఇచ్చింది చాయో.

ఇటంతా మీదే. బౌదేలియో కుర్చీలోనే కూర్చుండిపోయాడు. పట్టీకి కరెంటు పెట్టే వేళ కాదు, అయినా కాలు గోడకేసి పెట్టే కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో అతన్ని తిట్టినవాళ్లున్నారు, కుక్కల్ని ఉసిగొల్పినవాళ్లున్నారు, మీద వేడినీళ్లు పోసిన ముసలమ్మ ఉంది. అవన్నీ ఒంటికి తగిలి పోయాయి. వీడి సంతకం మాత్రం పోయేలా లేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

చాయో పిండి గిన్నె కడుగుతోంది.

"వాడు నాకు ఫోన్ చేశాడు" అన్నాడు.

గిన్నె చప్పుడు ఆగింది.

"అమ్మ పోయింది, దినాలు చేసుకుని పదో రోజు పొద్దున్నే నేనే వచ్చి మీ ఆఫీసు ముందు కూర్చుంటాను, జడ్జికి చెప్పండి అన్నాడు. సరే కానియ్యి, అమ్మ కదా అన్నాను. డ్వైట్‌కి చెప్పాను. డ్వైట్ నవ్వాడు. పదో రోజున వాడు నీకు దొరకడు, తొమ్మిదో రోజున దొరుకుతాడు, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించుకున్నాను."

"నువ్వు ఫోన్ మాట్లాడినప్పుడు నేనిక్కడే ఉన్నాను" అంది చాయో.

అతను తలెత్తాడు.

"ఇక్కడే, బీన్స్ ఏరుతూ ఉన్నాను. 'అమ్మ కదా' అన్నావు, విన్నాను. మంచి మాటన్నాడని కూడా అనుకున్నాను." ఆమె తడిచేతులు నడుముకు కట్టుకున్న గుడ్డతో తుడుచుకుంది. "లాయరమ్మ అడిగినప్పుడల్లా నువ్వు లేదు లేదు అంటున్నావు. ఈసారైనా చెప్తాడేమో అని చూసేదాన్ని. చెప్పకపోతే బాగుండునని కూడా చూసేదాన్ని. రెండూ నిజమే. ఏడు నెలల్నుంచి నా బుర్ర ఇలాగే ఉంది."

"నువ్వెందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్తావు. అప్పుడు నేను ఈ ఇంట్లో ఎలా ఉండను?"

అతను ఏడ్చాడు. ముసలివాడి ఏడుపు, చప్పుడు లేదు, ముక్కు కారింది. చాయో వచ్చి పక్కన నిలబడింది, తల నిమరలేదు. కాసేపటికి వెళ్లి ఇస్త్రీపెట్టె తీసి, ఆ గట్టి ప్లగ్గులోనే పెట్టి, తెల్లచొక్కా కాలరు ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది.

"జనం ఇళ్లకి పోయినప్పుడు ఏమనేవాడివి నువ్వు?" అంది ఇస్త్రీ చేస్తూనే. "పట్టుకుపోతే పరువు పోతుంది, తనంతట తాను వస్తే మర్యాద అని. ఎంతమంది తల్లుల్తో అన్నావు ఆ మాట. నాకు బట్టీ వచ్చేసింది."

"ఐదేళ్లన్నారు చాయో. ఎక్కువే కావచ్చు."

"నాకు లెక్క రాదనుకున్నావా?" చొక్కా తిరగేసి చేతులు ఇస్త్రీ చేసింది.

శుక్రవారం ఒక్కరోజుకు కోర్టు హద్దు సడలించింది. టూసాన్ వెళ్లడానికి రెండు గంటలు. లాయరమ్మ కారు పంపిస్తానంది, చాయో వద్దంది. ట్రక్కులోనే వెళ్దామంది. బౌదేలియో తాళం తిప్పేసరికి ఆమె ముందు తలుపు తెరిచి, సీటు మీది చేతుల గుర్తులను ఒక్క క్షణం చూసి, వాటిమీదే కూర్చుంది. దారిపొడుగునా ఇద్దరూ మాట్లాడుకున్నది కుక్కకు ఎవరు తిండి పెడతారన్నదే.

కోర్టు గది చల్లగా ఉంది. జడ్జి పెద్దాయన, దగ్గుతున్నాడు. ఎదుటి బల్ల దగ్గర సర్కారు లాయరు పదకొండుమంది వాంగ్మూలాలు చదివాడు. కాఫీ సంగతి వచ్చింది, చక్కెర సంగతి కూడా వచ్చింది. అందులో సున్నం మాట మాత్రం లేదు. పళ్లెం కింద పడినట్టు ఎవరూ రాయించలేదు. కోర్టుకు అది అక్కర్లేదు మరి.

తర్వాత కెస్లర్ లేచింది. నీలం అట్టలోంచి హిలారియో కాగితం తీసింది. అప్పగింతకు అడుగుతున్న మనిషి అసలు నేరమే చెయ్యలేదనీ, వచ్చినవాడు ఇష్టపడే వచ్చాడనీ ఆ వచ్చినవాడే రాసిచ్చాడని చెప్పి, గుమాస్తాకి ఇవ్వబోయింది.

బౌదేలియో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోవడం అతనికి అలవాటైన పనే, ఈసారి మాత్రం మెత్తగా పట్టుకున్నాడు.

"అది ఇవ్వొద్దండీ" అన్నాడు. "అది నిజం కాదు."

ఆమె వంగి గుసగుసగా, నోరుమూసుకోండి, ఇంకో మాట అనకండి అంది. అతను అప్పటికే నిలబడ్డాడు. జడ్జి దగ్గు ఆపి, మీ లాయరుతో ముందు మాట్లాడుకోండి అన్నాడు. మాట్లాడవలసింది మాట్లాడేశానండీ అన్నాడు బౌదేలియో.

"అయ్యా, వాడు ఇష్టపడి రాలేదు. నేను ఈడ్చుకొచ్చాను. పదో రోజు తనే వస్తానని వాడు ఫోన్‌లో చెప్పాడు, సరేనని నేను మాటిచ్చాను. మాటిచ్చి తొమ్మిదో రోజు వెళ్లాను. నన్ను అడుగుతున్నవాళ్లు అడగడంలో తప్పు లేదు. ఇంకా విచారణ ఎందుకు, నేను వెళ్తాను."

గదిలో ఎవరో బెంచీ మీద కదిలారు. జడ్జి కలం పక్కన పెట్టాడు. ఎవరైనా బెదిరించారా, మందులేమైనా తీసుకున్నారా, ఒకసారి ఒప్పుకుంటే వెనక్కి తీసుకోవడం ఉండదని తెలుసా అని వరసగా అడిగాడు. ఇలాంటి ప్రశ్నలు ఎన్ని గదుల్లో ఎంతమందిని అడగ్గా విన్నాడో బౌదేలియో. దేనికేం చెప్పాలో తెలిసినవాడిలా, తడబడకుండా చెప్పాడు. కెస్లర్ కాగితాన్ని నీలం అట్టలో పెట్టి, అట్ట మూసి, దానిమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. అది కోపమో మరొకటో ఆమెకే తెలియాలి.

చాయో మూడో వరుసలో కూర్చుని ఉంది. అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఏడవలేదు. ఇంట్లో ఉప్పు అందించేటప్పుడు చూసినట్టే చూసింది.

పక్కగదిలో ఒక అధికారి మోకాలి మీద కూర్చుని కత్తెరతో కాలి పట్టీ తెంపాడు. ఏడు నెలలు దాని కింద ఉన్న చర్మం పాలిపోయి, వెంట్రుకలు ఊడి, పసిపిల్లవాడి కాలులా ఉంది. బౌదేలియో పాదం ఒకసారి ఎత్తి దించాడు. ఎంత తేలికగా ఉందంటే అది తన కాలు కాదేమో అనిపించింది. రెండో అధికారి ముందుకొచ్చి చేతులు చాపమన్నాడు. చాపాడు. సంకెళ్లు వేశారు, నడుముకు గొలుసు కలిపారు. అతను మణికట్లు ఒకదానికొకటి ఎంత దూరం వస్తాయో చూసుకున్నాడు. బెత్తెడు కంటే ఎక్కువ రాలేదు.

కెస్లర్ గుమ్మంలో నిలబడి ఉంది. నాకు ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పి ఉంటే ఇంకేదైనా ఆలోచించేదాన్ని అంటోంది. అతను వింటున్నట్టే ఉన్నాడు.

"ఒకటి అడగాలండీ" అన్నాడు. "మొన్న మీరు చెప్పారు కదా, ఆ ఇంటికి తీసుకెళ్లి, ఏం చేశావో చేసి చూపించమంటారని. అది తప్పకుండా చేయిస్తారా?"

"దాదాపు తప్పదు. ఎందుకు?"

"అప్పుడు చేతులు విప్పుతారా?"

ఆమెకు తెలియదు. కనుక్కుని చెప్తానంది. ఎందుకో మాత్రం అర్థం కాక, విప్పకపోతే ఏమవుతుందని అడిగింది.

"ముందు బుట్ట తియ్యాలి" అన్నాడు బౌదేలియో. "తర్వాత పళ్లెం పట్టుకోవాలి. రెండు చేతులూ కావాలి."